నాలుగో వైపు

మనామాలో, బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందులో
రికార్డింగు కొట్టు మాది.
మాది అంటే అబ్దుల్ రెదాది.
నాది స్టూలు, హెడ్‌ఫోను,
పాజ్ బటన్ మీద బొటనవేలు.

డబుల్ ఆల్బమ్ వచ్చిందంటే తలనొప్పి వచ్చినట్టే.
రెండు పళ్లేలు, నాలుగు వైపులు, తొంభై ఏడు నిమిషాలు.
గిరాకీ తెచ్చే కాసెట్టు తొంభైది.
ఆ ఏడు నిమిషాలు ఎవరి మెడ కొయ్యాలి?

ఇంగ్లీషు నాకు జీతం చీటీ చదివేంత వచ్చు.
పాటలో ఏమంటున్నారో తెలీదు.
గిటారు మాట్లాడుతోందా, నసుగుతోందా, అది తెలుస్తుంది,
జగిత్యాల బస్టాండులో కండక్టరు కేక విని
బస్సు నిండిందో లేదో పసిగట్టినట్టు.

హోటల్లో డ్రమ్ములు వాయించే గోవా కాన్సేసావ్‌కి
డబుల్ ఆల్బమ్ అంటే మంట.
"నాలుగో వైపు ఎవడడిగాడు?
మంచి పాటలు పదకొండు. మిగతావి
ఒకడికొకడు వద్దని చెప్పుకోలేక పెట్టినవి.
నడుము నొప్పి మాత్రం డ్రమ్మరుది."

అబ్దుల్ రెదా టీ గ్లాసు తిప్పుతూ అంటాడు:
"మా తాత ముత్యాల పడవ మీద మునిగేవాడు.
రోజుకి వంద చిప్పలు, నెలకొక ముత్యం అనుమానమే.
ముత్యమున్నవే పంపమని
సముద్రానికి ఆర్డరిస్తామా?"
అంటూనే పద్దులో రెండింతలు రాసుకుంటాడు.

నేను ఎవరి పక్షమూ కాదు. కోసేవాణ్ని.
మూడో వైపు చివర, జనం సిగరెట్టుకి లేచే చోట,
ఏ పాట ఎవరినీ పిలవకుండా
తనలో తను నడుచుకుంటూ పోతుందో
దాన్నే తీసేసేవాణ్ని.
పారెయ్యబుద్ధి కాక ఇంకో కాసెట్టులో దాచేవాణ్ని.
ఏడేళ్లకి అది నిండి రెండోది మొదలైంది.
వద్దన్నవే కూడి
నాకూ ఒక డబుల్ ఆల్బమ్ తయారైంది.

గుదైబియా గదిలో ఎనిమిది మంచాలు.
రాత్రి డ్యూటీ దిగిన వెల్డరు గంగనర్సు
ఏసీ చుక్కల కింద బకెట్టు జరిపి అడిగేవాడు:
"గా ఎవ్వరికీ అక్కరలేని పాటలు పెట్టన్నా,
నిద్ర పడ్తది."

పాట పోయిందని ఏడేళ్లలో
వెనక్కి వచ్చింది ఒక్కరే.
సల్మానియా ఆస్పత్రి నర్సు, ఫిలిప్పీన్సు ఆవిడ, రోసెల్.
కాసెట్టు కౌంటరు మీద పెట్టి
"దీని తర్వాత ఇది రావాలి" అని
పెదాలు మూసి కూనిరాగం తీసింది,
పోయిన మార్చి దుమ్ముగాలిలో నేను కోసిన పాటే,
మొదటినుంచి చివరిదాకా,
మధ్యలో ఏమీ జరగని ఆ రెండు నిమిషాలతో సహా.
బయట గిరాకీ కేకేస్తున్నా ఆపలేదు.

ఏం చెప్పను? నా మొదటి కాసెట్టు ఇచ్చేశాను.
రేపు తెస్తానంది.

నిన్న కాన్సేసావ్ మళ్లీ అడిగాడు,
రెండు పళ్లేలకి డబ్బు పొయ్యడం దండగ కాదా అని.
చెప్పలేను భాయ్.
నా దగ్గర ఇప్పుడు రెండో కాసెట్టు ఒక్కటే ఉంది.
అది పెట్టిన ప్రతిసారీ
ముందు ఏదో ఉండాలి కదా అని
చెయ్యి పెట్టెలో వెతుకుతోంది.