ఏడో కొలబద్ద

నలభై కిలోమీటర్ల నదీముఖాన్ని
వంద మీటర్ల రేకుల షెడ్డులో పడుకోబెట్టాం.
పొడవూ వెడల్పూ నాలుగు వందల్లో ఒక వంతు,
లోతు మాత్రం వందలో ఒక వంతు.
ఇంకా తగ్గిస్తే నీరు నీరులా నడవదు,
సిమెంటుకి అంటుకుని జిగురులా పాకుతుంది.

అంటే మాది అబద్ధపు నది.
ఒడ్డులు నిట్రంగా, అడుగు మరీ కిందకి.
ఆ అబద్ధం చేత నిజం చెప్పించడానికి
దాని అడుగున రాగిరేకు ముక్కలు నాటుతాం,
నారు నాటినట్టు, నడుం వంచి.
నీటి కాళ్లకి అవి అడ్డం పడతాయి.
ఎక్కడ ఎన్ని, ఎంత వాలుగా అన్నది
షూర్డ్ వేళ్లకే తెలుసు.
పడవలు చేసే ఇంట పుట్టిన వడ్రంగి,
లెక్కలంటే పడదు.

పన్నెండున్నర గంటలకి కాస్త తక్కువ ఆటుపోటు
మా దగ్గర పద్దెనిమిదిన్నర నిమిషాలు.
కప్పులో కాఫీ చల్లారేలోగా
సముద్రం ఒకసారి వచ్చి వెళ్తుంది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
మొదటి సగం మీదే మా జీతాలు.
ఏడో కొలబద్ద దగ్గర మాత్రం
పల్లమెరిగిన మా నీరు
తుఫాను రాత్రి రెండు నుంచి అయిదు దాకా
పుస్తకంలో ఉన్నదానికన్నా
మూడు మిల్లీమీటర్లు ఎక్కువ నిలిచింది.
బయటి లోకంలో అది ముప్పై సెంటీమీటర్లు.
గడప దాటడానికి చాలు.

ఆరు వారాలు రేకులు వంచాం.
ఏడుని సరిచేస్తే నాలుగు చెడింది,
నాలుగుని బుజ్జగిస్తే తొమ్మిది అలిగింది.
ఒకరోజు పంపులో కప్ప దొరికింది.
అందరం దాని మీద ఆశ పెట్టుకున్నాం.
కప్ప పోయింది,
మూడు మిల్లీమీటర్లూ అలాగే ఉన్నాయి.

"నీటిని తిట్టకు," అంది అలైడా, మా పెద్ద ఇంజనీరు.
"అసలు పుస్తకం చూశావా, టైపు చేసిన నకలేనా?"

నకలే చూశాను.
గురువారం బస్సెక్కాను.

కొలబద్ద చూసుకునే క్రెయిన్ పోయి నాలుగేళ్లు.
కూతురు మాట్యె బీరువా అడుగు నుంచి పుస్తకం తీసింది.
ఆ శీతాకాలం పేజీలన్నీ ఉబ్బి, సిరా చెదిరి,
వానలో నిలబడి రాసిన అంకెలు,
ఒకటి ఏడులా, ఏడు ఒకటిలా.
రెండు నుంచి అయిదు దాకా మాత్రం
పావుగంటకొకటి చొప్పున పదమూడు అంకెలు,
ముత్యాల్లాంటి దస్తూరీ,
ఆరిన కాగితం మీద ఆరిన చేత్తో.

మాట్యె ఆ వరసని వేలితో నిమిరింది.
"అప్పుడు నాన్న పడవలో ఉన్నాడు.
మిన్నార్డు వాళ్ల పిల్లల్ని అటక మీంచి దింపాడు, ముగ్గుర్ని.
తెల్లారాక వంటింట్లో కూర్చుని రాశాడు.
ఖాళీ గళ్లుంటే జీతం కోసేవాళ్లు."

ఊహించి రాశాడు. మంచి ఊహే,
ముప్పై ఏళ్లు నీటిని చూసినవాడి ఊహ.
అదీ ఒక నమూనాయే కదా,
రేకుల్లేవు, పంపు లేదు, తడిసిన ఒక తల.
ముప్పై సెంటీమీటర్లే తప్పింది.
నీటితో పాటు లేచే పడవలో కూర్చుంటే
నీరెంత లేచిందో తెలీదు.

అలైడా ఆ పదమూడు గళ్ల మీద గీత కొట్టి
పక్కన "చూసినవారు లేరు" అని రాసింది.
కాసేపాగి అదీ కొట్టేసి
"చూసేవాడు వేరే పనిలో ఉన్నాడు" అని రాసింది.

తప్పు అంకెలకి తలవంచిన రేకులు
రెండు వందల పన్నెండు.
షూర్డ్ మోకాళ్ల మీద పాకుతూ
ఒక్కోదాన్నీ తిరిగి నిలబెట్టాడు,
ఒక్కోదానికీ ఒక్కో తిట్టు.

ఆ పై శుక్రవారం మళ్లీ తుఫాను వదిలాం.
మూడు గంటలంటే మా దగ్గర నాలుగున్నర నిమిషాలు.
ఏడో కాగితం మీద పెన్ను
తోడు చుక్క ఒక్కటీ లేని చోట
ఒంటరిగా గీసుకుంటూ పోయింది.
నేను కొలబద్దని చూడలేదు.
గట్టు వెనక గోరంత లోతు నీటిలో
రెండు సెంటీమీటర్లయినా లేని మనిషెవరో
తెడ్డు వేస్తున్నాడు.

నాలుగున్నర నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.
తర్వాత షూర్డ్,
పంపు కీచుమంటోంది, నూనె పోయాలి అన్నాడు.