రెండు కుక్కల మధ్య మాట

కొత్త కోడలిగా కన్నావా వీధిలో అడుగుపెట్టిన రోజు
అత్తగారేరీ అని అడిగాను.
"నరకంలో ఉంది, గుడ్లు చూస్తోంది" అన్నాడు షుయిచి
చెప్పులు విప్పుకుంటూ, మామూలుగా.

ఇక్కడ నరకమంటే పెరట్లో రాతి పొయ్యి.
కట్టె లేదు, నిప్పు లేదు.
నేల అడుగునుంచి ఆవిరి తనంతట తనే వస్తుంది.
వెదురు బుట్టలో చిలగడదుంపలు పేర్చి, చెక్క మూత వేసి
పావుగంట ఊరుకోవాలి, అంతే.
"నరకం ఇవాళ కాస్త నీరసంగా ఉంది"
అంటుంది ఉమెనో అత్త,
పాలవాడు నీళ్లు కలిపాడన్నట్టు.
పక్కింటావిడ గిన్నెతో వచ్చి
"మీ నరకంలో కాస్త చోటుందా? ఒక్క క్యాబేజీయే" అంటుంది.
కాలువ మూతల మీద పిల్లులు
పగలంతా నరకం కాచుకుంటాయి.

మా ఊళ్లో, నాలుగు నెలలు మంచు కింద ఉండే చోట,
ఆ మాట పైకి అనేవాళ్లు కాదు.
అబద్ధమాడితే నాలుక పీకే రాజు సంగతి
నాయనమ్మ చెప్పిన రాత్రి
నోరు రెండు చేతులతో మూసుకుని పడుకున్నాను.

రాత నేర్పిన మాస్టారు మాత్రం
జిగొకు అని బోర్డు మీద రాసి
దాన్ని రెండు ముక్కలు చేశారు.
మొదటిది నేల. రెండోది చెర.
ఆ చెరలోకి తొంగి చూడండి, అన్నారు:
ఎడమవైపు ఒక కుక్క,
కుడివైపు ఒక కుక్క,
మధ్యలో, కదలకుండా,
మాట.

అత్త నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా నవ్వుతుంది.
ఎవరి వేలు కాలిందో, ఎవరి ఊట ఎండిందో
అన్నీ ఆమె దగ్గరే తెలుస్తాయి.
కానీ బుట్టలో ఎప్పుడూ ఒక గుడ్డు ఎక్కువ పెడుతుంది.
ముగ్గురం. నాలుగు గుడ్లు.
లెక్క తప్పారత్తయ్యా, అన్నాను మొదటి నెలలో.
షుయిచి బల్ల కింద నా కాలు తొక్కాడు.

నిన్న వాన.
ఆవిరి పైకి పోలేక పెరడంతా పరుచుకుంది,
ఒకరికొకరం కనబడలేదు.
మూత ఎత్తిన చప్పుడు.
తర్వాత ఆమె గొంతు,
ఆటల్లోంచి ఎవర్నో అన్నానికి పిలిచినట్టు:
"మినోరీ."

ఒక్కసారే.

తెర పలచబడేసరికి ముఖం తుడుచుకుంటోంది.
ఇక్కడ అందరం తుడుచుకుంటాం, ఆవిరికి.
నాలుగో గుడ్డు తీసి నా చేతిలో పెట్టింది.
చెయ్యి కాలింది, వదల్లేదు.

ఉప్పు వెయ్యక్కర్లేదు, అంది.
నరకంలో ఉప్పుంటుంది.