పద్నాలుగు మెట్లు

నూట పన్నెండు మైళ్ళు నా రూటు,
ముప్పై ఒక్క టపా డబ్బాలు.
తొమ్మిదింటి వెనక మనుషుల్లేరు, కరెంటు బిల్లు కూడా రాదు.
నార్త్ డకోటా పటంలో మా వైపు
ఎవరో రబ్బరు పెట్టి చెరిపి
సగంలో విసుగొచ్చి వదిలేసినట్టుంటుంది.

ఎవరికి ఏ మాత్రలొస్తాయో నాకు తెలుసు.
ఏప్రిల్లో కోడిపిల్లలు అట్టపెట్టెల్లో
దారంతా నా వెనక సీట్లో గోలపెడతాయి.
ఏ ఇంట్లో తుపాకి ఎక్కడుంటుందో కూడా తెలుసు.
ఎవరూ చెప్పలేదు.
గుమ్మంలో నిలబడి సంతకం పెట్టించుకునేవాడికి
కళ్ళుంటాయి కదా.
బ్రెక్కె వాళ్ళది ఫ్రిజ్ మీద.
ఫైస్ట్ దంపతులకి మంచానికి చెరో పక్కన చెరొకటి.

ఆర్డిస్ ట్వేట్ గారిది వంటింటి తలుపు వెనక,
చీపురు పక్కన.
"చీకట్లో తడిమితే ఏది చేతికొస్తుందో
దేవుడికే ఎరుక" అని నవ్వేది.
"షెరీఫ్ మనిషి రావాలంటే యాభై నిమిషాలు.
మంచు పడితే మర్నాడు.
ఆలోగా వచ్చినవాడు కాఫీ కాచుకు తాగి
కప్పు కడిగి పెట్టి మరీ పోవచ్చు."

పెళ్ళయి వచ్చిన ఏడు
ఆ కిటికీలోంచి పదకొండు దీపాలు కనపడేవట.
దీపానికో ఇంటిపేరు.
పడుకోబోయే ముందు లెక్కపెట్టుకునేది.
తుపాకి భర్త బాతుల వేటకి కొన్నది.
ఒక్కో దీపం ఆరేకొద్దీ
అది షెడ్డులోంచి వరండాలోకి,
వరండాలోంచి వంటింట్లోకి
దానంతటదే నడిచొచ్చింది.
చివరికి మిగిలింది ఒక్క దీపం,
రెండు మైళ్ళవతల పాల్మర్ క్యోస్‌ది.

అక్టోబరులో ఒక రాత్రి
వరండా చెక్క కిర్రుమంది.
ఎవరది అంది. పలుకు లేదు.
మళ్ళీ అడిగింది. ఊపిరి వినిపిస్తోంది, మాట లేదు.
కిటికీలో క్యోస్ దీపం వెలుగుతూనే ఉంది,
అందుకే ఆయన అయుంటాడని తట్టలేదు.
చీపురు కాదు, రెండోదే చేతికొచ్చింది.
తలుపుకి, ఛాతీ ఎత్తున, గురిపెట్టింది.
పది లెక్కపెడదామనుకుంటే
అంకెలకి బదులు ఆరిన దీపాల పేర్లు నోటికొచ్చాయట.
ఎనిమిదో పేరు దగ్గర
అవతలి మనిషి దగ్గాడు.

యాభై ఎనిమిదేళ్ళుగా చర్చిలో
తన వెనక బెంచీలో,
సరిగ్గా ప్రసంగం పాకాన పడే వేళకి
దగ్గే దగ్గు.

తలుపు తీస్తే పాల్మర్,
కోసిన గోధుమ మోళ్ళలో నడిచొచ్చి
మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.
చెవులు ఎప్పుడో పోయాయి, ఈమధ్య మతీ పోతోంది.
"ఇర్మా, గడియ ఎందుకేశావ్?" అన్నాడు.
ఇర్మా పోయి ఆరేళ్ళు.
ఆర్డిస్ గారు ఆయనకి గుడ్లు వేయించి పెట్టింది.
మూడు నేల మీద పగిలాక
నాలుగోది పెనంలో పడింది.

నెల తిరక్కుండా కూతురొచ్చి
ఆయన్ని మైనాట్‌లో ఆశ్రమానికి తీసుకుపోయింది.
పదకొండో దీపం కూడా ఆరింది.
ఇక తుపాకి దిండు కిందికొస్తుందనుకున్నాను.
మందులివ్వడానికి వెళ్తే
తలుపు వెనక చీపురొక్కటే ఉంది.

"పైగదిలో పెట్టాను.
పద్నాలుగు మెట్లు. నా మోకాళ్ళతో మెట్టుకోసారి ఆగాలి.
ఆలోగా ఎవరైనా దగ్గొచ్చు కదా."

"దొంగైతే?" అన్నాను.

రోడ్డు వైపు చాలాసేపు చూసింది.
అటువైపు చూడ్డానికేమీ లేదు.
"దొంగైతే నా మోకాళ్ళని తిట్టుకుంటాను."

మా ఇంట్లోనూ ఒకటుంది.
ఎక్కడో చెప్పను.
దాని గురించి నాకూ నా భార్యకీ ఇంకా మాట తెగలేదు.
కానీ ఇప్పుడు ఏ వరండా ఎక్కినా,
మందులైనా, కోడిపిల్లలైనా,
తలుపు తట్టేముందు గట్టిగా దగ్గుతాను.

జలుబు చేసిందా అంటుంది ఫైస్ట్ గారి భార్య.
అవునంటాను.