ఫర్టివ్

నల్లబల్ల మీద ఫర్టివ్ అని రాశాను.
విశేషణం. గైడులో అర్థం: దొంగచాటైన.
అట్లాంటి మాట తుగ్గలి పక్క ఎవరూ అనరు,
అయినా రాసుకోమన్నాను.
చూపుకి ముందు వాడతారు, రాయికి ముందు వాడరు,
రాయికి దాచుకోడానికేముంది అని నవ్వించబోయాను.
ఎవరూ నవ్వలేదు.

తొలివాన పడి మూడు రోజులు.
సగం బెంచీలు ఖాళీ.
వచ్చినవాళ్ల మోకాళ్లకీ ఎర్రమన్నే.

సొంతవాక్యం అడిగితే ఉరుకుందమ్మ లేచింది.
ఇంగ్లీషు రాక తెలుగులోనే చెప్పింది:
"నిన్న మాయమ్మ చేన్లో వంగి ఒక రాయి తీసింది సార్.
కొంగుతో తుడిచింది. ఎండకి పట్టి చూళ్లేదు.
వక్క పెట్టుకున్నట్టు బుగ్గన పెట్టుకొని,
నా పక్కన్నా చూడకుండా
ఇంకో నాలుగు ఉత్త రాళ్లు ఏరింది,
గట్టు మీదోళ్లకు కనపడాలని.
ఇల్లు చేరేదాకా
ఎవరు పలకరించినా ఊ అనడమే, నోరు తెరిస్తే ఒట్టు."

కాసేపాగి తనే అడిగింది:
"దీంట్లో దొంగ ఎవరు సార్?
చేను మాదే. గుత్తకు."

డస్టర్ తీసుకొని 'దొంగ' వరకు చెరిపేశాను.
'చాటైన' మిగిలింది. అదీ తెలుగులా లేదు.

అప్పుడు చూశాను,
వెనక బెంచీలో మద్దిలేటి
తల వంచుకొని రాసుకుంటున్నాడు.
వాళ్ల నాయన రాళ్ల దళారి.
అర్థమే రాసుకుంటున్నాడేమో.

"కథ బాగా అల్లినావు, కూర్చో"
అన్నాను, అందరికీ వినపడేట్టు,
ఎవరి మొహమూ చూడకుండా.