తడి కట్టె

నూనె డబ్బాకు కింద బెత్తెడు నోరు కోసి
పైన మూడు మేకులు బిగించినాడు చెంగల్రాయుడు మామ.
చామల లోయలో, టార్పాలిన్ పట్ట కింద
అదే మా బేస్‌క్యాంపు పొయ్యి.

పొద్దుగూకులా వాన.
ఏరుకొచ్చిన కట్టెలు ముసలి కుక్కల్లా నీళ్ళోడుతున్నాయి.
అగ్గిపెట్టెలో పదకొండు పుల్లలుంటే
ఆరు గీసి పారేసినాను.

మామ తిట్టలేదు.
"తడిసేది తోలేరా అబ్బయా, కడుపు తడవదు"
అని చండ్ర కొమ్మను మచ్చుకత్తితో నిలువునా చీల్చినాడు.
ముందు వెంట్రుకంత పేళ్ళు,
తర్వాత చీపురుపుల్లంత, ఆపైన చిటికెనవేలంత.
వేలంతది రాజుకోకముందే మణికట్టంతది పెట్టినావా
పొయ్యి అలుగుతుంది.

పక్కనే, చుక్క తడి తగలకుండా
సుద్దతో నంబర్లేసిన పద్నాలుగు ఎర్రచందనం దుంగలు.
వాటి వంక ఇద్దరమూ చూడలేదు.
చూడలేదని ఇద్దరికీ తెలుసు.

గుంజకు కట్టిన పిల్లోడు,
జవ్వాదు కొండలోడు, పద్దెనిమిది ఉంటాయో ఉండవో,
పళ్ళు టకటకలాడతా పొయ్యినే చూస్తున్నాడు.
తెల్లారితే గానీ జీపు రాదు.

ఏడో పుల్ల. అంటుకుంది.
ఆత్రం కొద్దీ నాలుగు కట్టెలు ఒక్కసారే తోసినాను.
పొగ. కళ్ళల్లో, గొంతులో, లెక్కల పుస్తకంలో.

"కాత్తు" అన్నాడు వాడు.
పట్టుకున్నప్పట్నుంచీ అదే మొదటి మాట.
"కాత్తు వేణుం."
గాలి కావాలంట.
కట్టిన కాలు అందినంత చాపి
బొటనవేలితో ఒక కట్టెను వెనక్కి లాగినాడు.

డబ్బా గుప్పున ఊపిరి తీసుకుంది.

ఆ పైన రాత్రంతా పొయ్యి వాడిదే.
మామ ఏమీ అనకుండా తాడు మూరెడు వదులు చేసినాడు.
ఎప్పుడు తోయాల, ఎప్పుడు లాగాల,
రెండు కట్టెలు ఒకదాని మొహం ఒకటి చూసుకునేట్టు
ఎట్లా పెట్టాల,
అంతా కాలితోనే చెప్పినాడు.
సంగటి మూడు ముద్దలు చేసినాం.
ఊరిబిండి కారానికి వాడికి పొర పోతే
మామ తన చెంబు ఇచ్చినాడు.
"మీ ఊర్లో ఏం కట్టె కాలుస్తారు?"
వచ్చీరాని అరవంలో అడిగితే నవ్వినాడు.
జీపు వచ్చేదాకా జవాబు రాలేదు.

పొద్దున పుస్తకంలో రాసినాను:
దుంగలు పద్నాలుగు, గొడ్డళ్ళు రెండు, మనిషి ఒకడు.
అగ్గిపుల్లలు నాలుగు మిగిలినాయి, అది రాయలేదు.

బూడిద ఇంకా వెచ్చగానే ఉంది.
మామ నీళ్ళు పోసి,
చేత్తో అడుగుదాకా కెలికి, తడిమి,
మళ్ళీ పోసినాడు.
అంత వానలోనూ.
అడివి కదా.