ఓవర్

టర్మ్ మొదలైన మూడు వారాలకి వచ్చింది రోవీనా.
కొత్త బూట్లు, ఇస్త్రీ మడత విడని గౌను,
తలుపు దగ్గరే ఆగిపోయింది.
ముప్ఫై ఒక్క మొహాలు ఒకేసారి తనని చూడటం
పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

పేరు చెప్పమంది మిసెస్ పాస్కో.
"రోవీనా టకర్. ఓవర్."

క్లాసంతా గొల్లుమంది.
"ఎన్ని బంతులేశావేంటి?" వెనక బెంచీలోంచి ట్రెవర్.
పోర్ట్ పిరీలో పిల్లులకి కూడా క్రికెట్ తెలుసు మరి.
నేనూ నవ్వాను. అబద్ధమెందుకు.

వాళ్ళది ఉత్తరాన, ఎర్రమట్టిలో, గొర్రెల స్టేషన్.
పక్కిల్లు డెబ్భై మైళ్ళు.
బడి అంటే వంటింటి అలమర మీద రేడియో,
గరగరల్లోంచి దిగొచ్చే టీచరమ్మ గొంతు.
మీట నొక్కితే తను, వదిలితే లోకం.
పాము, ఎండ, పాత గని గొయ్యి, ఏదో ఒకటి చెప్పి
వాళ్ళమ్మ వరండా దాటనిచ్చేది కాదు.
వానల్లేక గొర్రెల్ని అమ్మేశాక
నాన్నకి మా ఊరి సీసం ఫ్యాక్టరీలో పని దొరికింది.

ఏదడిగినా మూడు లెక్కపెట్టేంత సేపు ఆగేది.
మొద్దు అనుకున్నాం.
గంట కొడితే బల్ల కిందికి దూరేది.
"ఈ చప్పుడు తగ్గించే మీట ఎక్కడ?" అని
ఒకసారి నిజంగానే అడిగింది.

భోజనానికి నా పక్కన చేరింది.
నా పక్క ఎప్పుడూ ఖాళీయే,
మాది చేపల కొట్టు, చేతులు కంపని.
నా డబ్బాలో ఆలివ్ ఒకటి నోట్లో వేసుకుని
మొహం మెలిపెట్టి, మింగి,
మూడు లెక్కపెట్టి,
"ఇంకొకటి. ఓవర్."

"ఎందుకే అలా అంటావు?"
"ఇద్దరం ఒకేసారి నొక్కితే గరగరే మిగుల్తుంది.
ఓవర్ అంటే అయిపోయిందని కాదు స్టావ్రూలా,
ఇక నీ వంతు అని."
మా ఇంట్లో ఏడుగురం. ఎవరూ ఎవరి కోసం ఆగరు.
ఏమనాలో తెలీక గింజ ఉమ్మేశాను.

ఏప్రిల్లో ఓ గురువారం
కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టం మాయమైంది,
తర్వాత కంచె, తర్వాత కిటికీయే.
ఎర్రదుమ్ము. కరెంటు పోయింది.
మిసెస్ పాస్కో చిన్నపిల్లల గదివైపు పరిగెత్తింది.
ఎవరో ఏడుపు అందుకున్నారు, అది బల్ల బల్లకీ పాకింది.

అప్పుడు నిదానంగా ఒక గొంతు.
"జేబురుమాలు తడిపి ముక్కుకి పెట్టుకోండి.
ట్రెవర్ హోగన్, వినపడుతోందా? ఓవర్."
"...వినపడుతోంది."
"వినపడుతోంది, తర్వాత?"
ఒక వెక్కు. "ఓవర్."

హాజరుపట్టీ వరసలో అందర్నీ పిలిచింది.
మాట్లాడదనుకున్న పిల్లకి
చీకట్లో ప్రతి గొంతూ తెలుసు.
"బీట్రిస్, నీ దగ్గు తగ్గలేదు, గోడవైపు తిరుగు. ఓవర్."
మా ఇంటిపేరు జఫీరిస్, నాది ఆఖరు.
అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు.

టార్చితో తిరిగొచ్చిన మిసెస్ పాస్కోకి
ముసుగులేసుకున్న దొంగల ముఠా కనిపించింది,
వంతులవారీగా మాట్లాడుకుంటూ.

శనివారం అంపైరింగుకి ట్రెవరే పిలిచాడు.
జేబులో ఆరు గులకరాళ్ళు.
ఆరో బంతి పడింది. ఫీల్డర్లందరూ బిగుసుకుని చూస్తున్నారు.
ఒకటి, రెండు, మూడు.
"ఓవర్!"
గ్రౌండంతా అరిచాం.
రోవీనా నవ్వు మొదటిసారి విన్నాను,
స్టేషన్ దొరకని రేడియోలా ఉంది.

కంచె అవతల వాళ్ళమ్మ,
చేతిలో టోపీ, సీసాలో నీళ్ళు,
లోపలికి రావాలో వద్దో.
"అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఓవర్."

ఆవిడ ఆగింది.
మూడుకంటే చాలా ఎక్కువే లెక్కపెట్టింది.
టోపీ తనే పెట్టుకుంది.