పొగ వాసన

కోటు మూడుసార్లు ఉతికాను.
మూడోసారి వెనిగర్ పోసి జాడించి మంచులో ఆరేశాను.
చలికి బిగుసుకుని తలుపు చెక్కలా నిలబడింది గానీ
పొగ పోలేదు.
మా రోమా పేటలో దొరికేవి తడి కట్టెలే.
అవి మండేముందు ఏడుస్తాయి,
ఆ ఏడుపు మా బట్టల్లో ఉండిపోతుంది.

డెజిడెర్ మామ పగలు చెత్తబండి తోలతాడు,
రాత్రి మా అందరికీ ప్రార్థన చెప్తాడు.
"మామా, నేనెవరికి చెప్పను సువార్త? పిల్లలకి చెప్పనా?"
"పిల్లల సంగతి నేను చూస్తాలే, అరాంకా.
ఎవర్ని తలుచుకుంటే నీ కడుపులో తిప్పుతుందో చెప్పు."

క్వెటోస్లావా టీచర్.

ఒకటో తరగతి. కోట్లు తగిలించే కొక్కేల పక్కన చివరి బెంచీ.
నేను వచ్చి కూర్చోగానే ఆమె లేచి
జనవరిలో కిటికీ తీసేది.
తర్వాత ఏదో కాగితం మీద ఏదో రాసింది.
ఆ కాగితం నన్ను మందబుద్ధుల బడికి మోసుకుపోయింది.
తొమ్మిదేళ్ళు అక్కడ రంగు కాగితాల్ని నక్షత్రాలుగా కత్తిరించాను.
ముప్పై ఒకటో ఏట గానీ చదవడం రాలేదు,
అదీ మామ పుస్తకంలో, ఆయన వేలు వెంట.

ఊరికీ మాకూ మధ్య గోడ కట్టారు.
కార్లు నిలుపుకోడానికి అన్నారు.
గోడకి ఇటువైపు ఒక్క కారూ లేదు.
చుట్టూ తిరిగి వంతెన మీదుగా వెళ్ళాలి.
వీధులూడ్చే నారింజ రంగు చొక్కా వేసుకుంటే
ఎక్కడికని ఎవరూ అడగరు.
వేసుకున్నాను. బొత్తాలు కూడా పెట్టుకున్నాను.
విప్పేసి మంచం మీద పడేసి బయల్దేరాను.

మందులషాపు ముందు మాటలు ఆగిపోయాయి.
ఒక కుక్క నా వెంట పడింది, దాని యజమాని దాన్ని పిలవలేదు.
మనసులో వల్లెవేసుకుంటున్న మాటలన్నీ, ఆయన నిన్ను ప్రేమిస్తున్నాడు వగైరా,
రెండో మెట్టు మీదే రాలిపోయాయి.

"ఎవరు?"
గొలుసు సందులోంచి రెండు తెల్లబడ్డ కళ్ళు.
నేనెవరో కనబడదు ఆమెకి.
ఏ పేరైనా చెప్పొచ్చు.
"చర్చి నుంచి..."
"చర్చి నుంచి ఎవరూ రారే."
ముక్కు కదిలింది. "పొగ."
"అవును టీచర్. అరాంకాని. కొక్కేల పక్క బెంచీ."

చాలాసేపు ఆలోచించింది.
"గుర్తు లేదు. అలాంటివాళ్ళు చాలామంది."

కిటికీ తీసినప్పటి కంటే ఎక్కువ చలేసింది.
వెళ్ళిపోదామని తిరిగేలోగా గొలుసు జారింది.
"ఇంట్లోకి మంచు కొట్టుకొస్తోంది. వస్తే రా, పోతే పో."

బావి దగ్గరి ఆడదాని కథ తీశాను.
ఎవరూ తోడుకోని ఎండవేళ వచ్చే ఆమె.
నీళ్ళడిగిన పరాయివాడు.
నా వేలు వణికి వరస తప్పింది.
"ఆగు. చుక్క దగ్గర ఆగాలి. మళ్ళీ చదువు."
మళ్ళీ చదివాను.
'ఊట' దగ్గర నా నోరు తిరగలేదు.
ఆమె తన నోటితో పలికి చూపించింది,
ఒకటో తరగతిలో ముందు బెంచీలకి చూపించినట్టు.

అప్పుడడిగింది:
"ఇంతకీ ఇచ్చిందా ఆయనకి నీళ్ళు?"

పైకీ కిందకీ వెతికాను. పేజీ తిప్పి చూశాను.
"రాయలేదు టీచర్."

గోడ తడుముకుంటూ లేచింది.
కుళాయి చప్పుడు. ఆ వంటింట్లో ఉన్నదొకటే గ్లాసు,
అంచు కాస్త పగిలింది, ఆమె తాగేది.
తెచ్చి నా ముందు పెట్టింది.
దాహమని నేను అనలేదు.
పగిలిన వైపు ఎటుందో వేలితో చూసి
మంచి అంచు నావైపు తిప్పింది.
నేను తెచ్చుకున్న బోధ ఏదీ చెప్పలేదు. తాగాను.

"గురువారం రా," అంది.
"నమ్ముతానని కాదు. నువ్వు చదివే తీరు ఘోరం."

వీధిలోకొచ్చాక వెనక్కి తిరిగాను.
నేను పోగానే కిటికీ తీస్తుందనుకున్నాను.
వంతెన ఎక్కేదాకా తిరిగి తిరిగి చూశాను.
మూసే ఉంది.
చలికేనేమో.
నాకేం తెలుసు.